చివరి నోటుపుస్తకంలో సగం పేజీ

సెప్టెంబరు 3, మంగళవారం

ఈ పుస్తకం మామయ్య ఇచ్చారు. ఇచ్చి ఏడాది దాటింది. "ఇది నీది. ఇందులో నేను చెప్పింది ఒక్క ముక్క కూడా రాయకు," అన్నారు. నా అంతట నేను రాసుకోవడానికి ఏమీ తోచక బట్టల అడుగున పెట్టేశాను. ఇవాళ తీశాను. ఇప్పటికీ ఏమీ తోచడం లేదు.

రేపటికి వారం. బుధవారం పొద్దున అత్తయ్య కాఫీ తీసుకుని వెళ్తే లేవలేదు. నిద్రలోనే పోయారు. పాస్టరు గారికి తగిన చావని అందరూ అన్నారు.

నేను బాగానే ఉన్నాను. వచ్చేవాళ్ళకు టీ పెట్టడం, గ్లాసులు కడగడం, మళ్ళీ పెట్టడం. ఏడుపు రాలేదు. "కోడలు చూడు, బెల్లం కొట్టిన రాయిలా ఉంది," అని ఎవరో వంటింటి గుమ్మం దగ్గర అన్నారు. విన్నాను. గ్లాసులు ఇంకా పన్నెండు ఉన్నాయి.

సెప్టెంబరు 4, బుధవారం

మధ్యాహ్నం మూడు గంటలకు మామయ్య గదిలోకి వెళ్ళాను. దుమ్ము తుడవడానికి.

సెప్టెంబరు 6, శుక్రవారం

మా ఆయన మామయ్య జీవితం గురించి చిన్న పుస్తకం రాస్తున్నారు. ఇరవై తొమ్మిదో తేదీ ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. అప్పటికి అచ్చయి రావాలట. ఈయన మామయ్య పెట్టిన బడిలోనే లెక్కల మాస్టారు. ఒక వాక్యం రాయడం, దాన్ని కొట్టేయడం, మళ్ళీ అదే రాయడం. సాయంత్రానికి పేజీ కూడా కాలేదు.

చర్చి సంఘ పెద్ద వచ్చారు. బళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన మెల్లగా ప్రార్థన చేసినా వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందుకని అత్తయ్య ఆయనకు మైకు అని పేరు పెట్టింది. మామయ్య ముందు ఆ మాట అనేది కాదు. మామయ్య మాత్రం నా దగ్గర అనేవారు.

"రేకుల షెడ్డు, పదకొండుమంది పిల్లలు, ఇప్పుడు ఆరువందల మంది. ఇదంతా సరేనయ్యా, అందరికీ తెలిసిందే. అసలు సంగతి రాశావా?" అన్నారు మైకు గారు.

"ఏ సంగతండీ?"

"డెబ్బై ఆరేళ్ళ మనిషి! కళ్ళజోడు లేదు. పుస్తకం విప్పి గడగడా చదివేవాడు. నాకు అరవై మూడే. ఈ అద్దాలు తీసేస్తే మా ఆవిడా పక్కింటావిడా ఒకలాగే ఉంటారు."

మా ఆయన నవ్వారు. మామయ్య పోయాక అదే మొదటిసారి. నవ్వి, రాసుకున్నారు: కళ్ళజోడు లేకుండా.

నేను టీ పెట్టేసి వచ్చేశాను.

సెప్టెంబరు 8, ఆదివారం

ఇవాళ చర్చిలో వేరే పాస్టరు గారు వచ్చి ప్రసంగం చెప్పారు. అద్దాలు పెట్టుకుని, పేజీ మీద వేలు పెట్టుకుని చదివారు.

మామయ్యకు చూపు పోయి రెండేళ్ళయింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఇది నాదే కాబట్టి.

మొదట అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయన్నారు. తర్వాత మనుషులు. చివరికి కిటికీ ఎటుందో మాత్రం తెలిసేది. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆయన నన్ను కూర్చోబెట్టి మళ్ళీ రాత మొదలుపెట్టించారు. ఆయన పెన్సిలుతో పల్చగా రాసేవారు, దాని మీద నేను సిరాతో దిద్దేదాన్ని. ఏడాదిపాటు అలా దిద్దేసరికి నా చేతిరాత ఆయన చేతిరాత అయిపోయింది. నాకు వేరే రాత లేదు. చూపు పోయాక అదే పనికొచ్చింది.

మూడు గంటలకు స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు. అది నాకు పిలుపు. ఆదివారం చదవాల్సిన వాక్యం మూడుసార్లు చదివేదాన్ని. మూడోసారికి ఆయనకు కంఠతా వచ్చేసేది. తర్వాత ప్రసంగం చెబుతుంటే నోటుపుస్తకంలో రాసేదాన్ని. శనివారం అది చదివి వినిపిస్తే అదీ కంఠతా. ఆదివారం పుస్తకం విప్పి పట్టుకుని అందరి ముందూ నిలబడేవారు. ఒక ఆదివారం తలకిందులుగా పట్టుకున్నారు. మొదటి వరుసలో కూర్చున్న మైకు గారు మాత్రం అద్దాల్లోంచి చూస్తూ తల ఊపుతూనే ఉన్నారు.

"ఎందుకు దాచడం మామయ్యా?" అని ఒక్కసారి అడిగాను.

"తెలిస్తే కుర్చీలో కూర్చోబెట్టి దండ వేస్తారమ్మా. ఒకటో తరగతి పిల్లల్ని నా దగ్గరికి పంపరు."

ఒకటో తరగతికి పొద్దున మొదటి గంట ఆయనదే. నల్లబల్ల మీద అక్షరాలు ఆయన చెయ్యే రాసేసేది, దానికి కళ్ళతో పని లేదు.

"వాడికి కూడా చెప్పకు," అన్నారు. వాడు అంటే మా ఆయన.

చివరి మంగళవారం కూడా రాశాను. మధ్యలో పాలు చూడమని పంపారు. దింపి వచ్చేసరికి నిద్రపోయారు. మళ్ళీ గ్లాసు చప్పుడు కాలేదు.

సెప్టెంబరు 10, మంగళవారం

మా ఆయన మామయ్య బీరువాలోంచి నోటుపుస్తకాలు తీశారు. రెండేళ్ళవి, పదకొండు. బడిలో గాజుపెట్టె చేయించి అందులో పెడతారట. చివరి పేజీ ఫోటో తీసి అచ్చు పుస్తకంలో వేస్తారట.

"ఇటు చూడు, నాన్న రాత. ఈ వయసులో కూడా ఒక్క గీత వణకలేదు," అన్నారు. అక్షరాల మీద వేలితో నిమిరారు.

"ఊఁ," అన్నాను.

సెప్టెంబరు 13, శుక్రవారం

మూడు గంటలకు గదిలోకి వెళ్ళాను. దుమ్ము లేదు.

సెప్టెంబరు 14, శనివారం

మైకు గారు నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. నేను తలుపు వెనక.

వాటిలో ఏముందో నాకు తెలుసు. మొదట్లో ప్రసంగం ఏదో మామూలు మాట ఏదో నాకు తెలిసేది కాదు. ఆయన నోట్లోంచి వచ్చిందల్లా రాసేశాను. శనివారం చదివి వినిపిస్తుంటే మధ్యలో 'దగ్గు వస్తోంది, మంచినీళ్ళు ఇవ్వమ్మా' అని వచ్చింది.

"ఆగాగు. ఇదీ రాశావా?"

"మీరు చెప్పారుగా మామయ్యా."

నవ్వీ నవ్వీ నిజంగానే దగ్గు తెచ్చుకున్నారు. "సరే, ఇకముందూ అలాగే రాయి. ఏది ప్రసంగమో ఏది కాదో పైవాడు తేల్చుకుంటాడు," అన్నారు. అందుకని అన్నీ రాశాను. రెండేళ్ళూ.

ఇవాళ అది మైకు గారి కంటపడింది.

"ఆహా! 'మంచినీళ్ళు ఇవ్వమ్మా!' చూశావటయ్యా? బావి దగ్గర ఆ స్త్రీని ప్రభువు నీళ్ళు అడగలేదూ? ముందూ వెనకా ఏ సూచనా లేకుండా తెచ్చి ఇక్కడ పెట్టాడు చూడు!"

"దాని ముందు దగ్గు అని ఉందండీ," అన్నారు మా ఆయన.

"దగ్గు అంటే లోకంలో మనం పడే శ్రమ. నువ్వు లెక్కల మాస్టారివి, నీకు ఇవి అందవులే."

తర్వాత చివరి పుస్తకం తీశారు. చివరి పేజీ సగం వరకే ఉంది. తప్పిపోయిన గొర్రె గురించి. గట్టిగా చదివారు, అంటే వీధికంతా వినిపించింది.

'తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి గురించి ముప్పై ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను. గొర్రె సంగతి ఒక్కసారీ అడగలేదు. కాపరి పిలిచే ఉంటాడు. దానికి వినపడలేదని మనం అనుకుంటాం. వినపడే ఉంటుంది. వినపడి కూడా ఎందుకు రాలేదంటే. ఏదో వాసన వస్తోంది. పాలు పొంగుతున్నట్టున్నాయి. వెళ్ళి చూసిరా అమ్మా.'

మైకు గారు అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"పాలు పొంగుతున్నాయి! పాలూ తేనే ప్రవహించే దేశమయ్యా అది! మహానుభావుడికి వాసన కూడా తగిలింది. మర్నాడే వెళ్ళిపోయాడు."

"మరి చివర 'అమ్మా' ఏమిటండీ?"

"సంఘం. ఇంకెవరు?"

ఈ మాటలే సమాధి రాతి మీద చెక్కించాలట. రాళ్ళు చెక్కే ఆయనతో మాట్లాడతారట. పెద్దవాళ్ళు తండ్రి గురించి ఏం చెప్పినా మా ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పరు.

పాలు పొంగలేదు. గిన్నె అంచు దాకా వచ్చాయి, దింపేశాను. వచ్చేసరికి మామయ్య నిద్రపోయారు. మళ్ళీ గ్లాసు చప్పుడు కాలేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

అత్తయ్య మామయ్య చొక్కాలు తీసి మంచం మీద పరిచింది, ఎవరికైనా ఇవ్వడానికి. నన్ను పిలిచింది.

"ఇటు రా పిల్లా. ఇది చూడు." పాత చొక్కా. కుడిచేతి మణికట్టు దగ్గర నీలం మరక, ఎన్ని ఉతుకులకూ పోనిది. "ఇప్పుడు ఇది చూడు." కొత్తది. మరక లేదు.

"యాభై ఏళ్ళు ఈ మనిషి చొక్కాలు ఉతికాను. సిరా అంటని చొక్కా ఒక్కటి చూడలేదు. రెండేళ్ళ నుంచి మల్లెపువ్వుల్లా వస్తున్నాయి. నీ కొంగు మాత్రం ఏ వారం తీసినా సిరాయే."

అత్తయ్యకు చదువు రాదు.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"కంచంలో కూర ఎప్పుడూ ఒకే పక్కన ఎందుకు వేస్తాననుకున్నావు? నా చేతి అలవాటనుకున్నావా?"

"మీకు తెలుసని మామయ్యకు తెలుసా?"

"తెలిస్తే ఉక్రోషం వచ్చేయదూ! చూపు ఉన్నట్టే ఆయన నటించాడు, నేను నమ్మినట్టే ఉన్నాను. ఇద్దరికీ కాలక్షేపం."

"రాతి మీద చెక్కించేస్తున్నారు అత్తయ్యా, పాల సంగతి."

"నేనేం చెప్పను. నోరు నీది." చొక్కా మడత పెడుతూ మళ్ళీ తనే అంది, "మా ఇంటి పాలగిన్నె గురించి ఊరంతా సమాధి ముందు చేతులు కట్టుకుని నిలబడి చదువుకుంటారన్నమాట."

నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత అది నవ్వు కాదు. నేను మిగిలిన చొక్కాలు మడత పెట్టాను. పధ్నాలుగు.

సెప్టెంబరు 18, బుధవారం

చెప్పలేదు. ఆయన తల దువ్వుకుంటున్నప్పుడు ఒకసారి, భోజనం దగ్గర ఒకసారి నోటిదాకా వచ్చింది.

సెప్టెంబరు 19, గురువారం

చెప్పాను.

మా ఆయన అచ్చుకి పంపే కాగితాలు సరిచూసుకుంటున్నారు. పక్కన చివరి నోటుపుస్తకం తెరిచి ఉంది.

"ఏవండీ, ఆ రాత నాది."

"ఏ రాత?"

కలం తీసుకుని ఆయన ముందున్న కాగితం మీదే రాశాను: మంచినీళ్ళు ఇవ్వమ్మా. ఆయన ఆ కాగితాన్ని నోటుపుస్తకం పక్కన పెట్టి చూశారు. ఒకరిది ఒకరు చూసి రాసిన పిల్లల పరీక్ష పేపర్లు చూసినట్టు, ఒక్కో గీతా చూశారు. అప్పుడు మిగతాది చెప్పాను. కళ్ళు, కంఠతా, తలకిందుల పుస్తకం. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. పెళ్ళయ్యాక ఆయనతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"నీకు చెప్పారు," అన్నారు చివరికి. "నాకు చెప్పలేదు."

"ఎవరికీ చెప్పొద్దన్నారు."

"నేను ఎవరినో అన్నమాట."

చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 21, శనివారం

ఆయన మాట్లాడటం లేదు. భోజనానికి వస్తారు, తింటారు, వెళ్తారు. పదకొండు పుస్తకాలూ మొదటి నుంచి చదువుతున్నారు. నేను బాగానే ఉన్నాను. ఇవాళ కూరలో ఉప్పు వెయ్యలేదట. అత్తయ్య తిన్నాక చెప్పింది. నేనూ తిన్నాను, నాకు తెలియలేదు.

సెప్టెంబరు 25, బుధవారం

సాయంత్రం వంటింట్లోకి వచ్చారు. ఎప్పుడూ రారు. చేతిలో అయిదో నోటుపుస్తకం, దాన్నిండా గుర్తుకు పెట్టిన కాగితం ముక్కలు.

"ఇది ఏమిటి?" అని చదివారు. 'వాడి చెప్పుల చప్పుడేనా? ఆగు, వెళ్ళనీ.' ఇంకో చోట తీశారు. 'వాడు వచ్చాడా? రాలేదా. సరే, ఎక్కడ ఆపాం.' ఇంకో చోట. 'నిన్న వాడు లెక్కలు చెబుతుంటే కిటికీ కింద నిలబడి విన్నాను. నాకంటే బాగా చెబుతాడు. ఇది రాయకు. రాశావా?'

"రాశావు," అన్నారు.

"రాశాను."

"నలభై రెండు చోట్ల ఉంది."

"లెక్కపెట్టారా?"

"మరి లెక్కల మాస్టార్ని."

మామయ్యకు ఈయన్ని పాస్టరు చెయ్యాలని ఉండేది. ఈయన లెక్కలు చదువుతానన్నారు. అప్పటి నుంచీ వాళ్ళిద్దరి మధ్య కుళాయి కారుతోంది, బల్బు పోయింది తప్ప వేరే మాట నేను వినలేదు. సాయంత్రం ఈయన చెప్పులు విప్పి నేరుగా తన గదిలోకి వెళ్ళిపోయేవారు. గోడకి ఇటువైపు మామయ్య చెప్పడం ఆపి వినేవారు.

మా ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను గరిటె పట్టుకునే నిలబడ్డాను.

"చివరి రోజు, పాలు దింపి వచ్చాక ఏం చెప్పారు? ఆ గొర్రె ఎందుకు రాలేదో చెప్పారా?"

"వచ్చేసరికి నిద్రపోయారండీ."

"మళ్ళీ పిలవలేదా?"

"లేదు."

సెప్టెంబరు 26, గురువారం

లేదు అన్నాను.

సెప్టెంబరు 29, ఆదివారం

చర్చి నిండిపోయి బయట కూడా నిలబడ్డారు. మామయ్య దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్ళు చేతులెత్తండి అంటే సగం మందికి పైగా ఎత్తారు. డాక్టరమ్మ ఎత్తింది. బస్సు డ్రైవరు ఎత్తాడు. రాళ్ళు చెక్కే ఆయన కూడా ఎత్తాడు. రాతి మీద పాల సంగతి లేదు. మామయ్య పేరు, రెండు తేదీలు, కింద 'పాస్టరు, పంతులు'. మా ఆయనే వెళ్ళి చెప్పి వచ్చారు. మైకు గారు ముఖం ముడుచుకున్నారు.

మా ఆయన లేచి నిలబడ్డారు. ఆ వేదిక ఎక్కడం ఆయనకు మొదటిసారి.

"నాన్నగారికి రెండేళ్ళుగా చూపు లేదు," అన్నారు. "మీ ముందు చదివింది కళ్ళతో కాదు. నా భార్య చదివి వినిపిస్తే కంఠతా పట్టి చెప్పారు. ఈ పుస్తకాలన్నీ రాసింది ఆమె."

అందరూ ఆడవాళ్ళ వైపు తిరిగారు. అత్తయ్య నా మోచెయ్యి గిల్లింది. "తలెత్తు పిల్లా, నిన్నే." ఎత్తలేదు. చెప్పుల పట్టీ చూస్తూ కూర్చున్నాను.

ఆయన చివరి పేజీ చదివారు. గొర్రె, కాపరి, వాసన, పాలు, ఏదీ వదలకుండా. పాల దగ్గరికి వచ్చేసరికి జనం నవ్వారు. చర్చిలో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. మామయ్య ఉంటే దగ్గు తెచ్చుకునేవారు.

నవ్వు ఆగాక అన్నారు, "ఆ తర్వాత నాన్నగారు ఆమెను మళ్ళీ పిలవలేదు. అది అక్కడే ఆగిపోయింది."

అందరూ తలలూపారు. అంతమందీ.

బయట గేటు దగ్గర మైకు గారి గొంతు అప్పుడే మొదలయింది. "చూపు లేకుండా చదివాడయ్యా! ఒకసారి పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరీ చదివాడు! నా కళ్ళతో నేను చూశాను!"

ఇంటికి వచ్చాక మా ఆయన పెరటి మెట్టు మీద కూర్చున్నారు. ఇంకా వెలుతురు ఉంది. వెళ్ళి వెనక నిలబడ్డాను.

"పిలిచారు," అన్నాను.

"ఎవరు?"

"మామయ్య. ఆ రోజు. మూడుసార్లు గ్లాసు చప్పుడయింది."

వెనక్కి తిరగలేదు. "నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. మీరు కూర్చున్నచోట."

"వినపడిందా?"

"వినపడింది. గాజులు చప్పుడు కాకుండా పట్టుకుని కూర్చున్నాను. మూడోసారి అయ్యాక ఇంక కొట్టలేదు. చాలాసేపటికి వెళ్ళాను. నిద్రపోయారు."

"ఎందుకు వెళ్ళలేదు?"

ఇన్ని రోజులూ దీనికి ఏదో ఒక కారణం దొరుకుతుందనుకున్నాను. అలసట లేదు. కోపం లేదు. మామయ్య మీద విసుగు ఒక్కనాడూ లేదు.

"ఎండ బాగుందండీ. కాళ్ళ మీద పడుతోంది. అంతే."

పక్కింటి కుళాయి కింద బిందె నిండే చప్పుడు, అది పొర్లిపోయే చప్పుడు, ఎవరో వచ్చి కట్టేసిన చప్పుడు.

"చిన్నప్పుడు నన్నూ అలాగే పిలిచేవారు," అన్నారు. "ఆ గ్లాసే. సాయంత్రం ప్రార్థనకి. నేను నీళ్ళ తొట్టి వెనక కూర్చునేవాణ్ణి."

"ఎందుకండీ?"

ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

"అక్కడ చల్లగా ఉండేది."

కొంచెం పక్కకి జరిగారు. కూర్చున్నాను.

సెప్టెంబరు 30, సోమవారం

నోటుపుస్తకాలు రేపు గాజుపెట్టెలోకి వెళ్తాయి. పొద్దున బడికి వెళ్తూ ఆయన చివరిది నా చేతిలో పెట్టారు.

"ఇందులో సగం పేజీ ఖాళీగా ఉంది," అన్నారు. అంతే అన్నారు.

మూడు గంటలకు గదిలోకి వెళ్ళాను. దుమ్ము తుడవడానికి కాదు. పాలు ముందే కాచి దింపేశాను. నా పీట మీద, కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను. గ్లాసు కిటికీలో ఉంది, చెంచా అందులోనే ఉంది. కాసేపు చూశాను.

తర్వాత, ఆపిన చోటనే రాశాను. మామయ్య రాతలోనే.

'పాలు పొంగలేదు మామయ్యా. మూడుసార్లూ వినపడింది. ఎండ బాగుంది.'

సిరా ఆరేదాకా ఊదాను. మైకు గారు చూస్తే దీనికీ ఏదో అర్థం చెబుతారు. చెప్పనీ.

కొంగుకి మరక అయింది. ఉతకలేదు.